నాలుగు కప్పుల మసాలా టీ: ఏది ముందు, ఏది వెనక

మా ఇంట్లో సాయంత్రం టీ పెట్టడం నా డ్యూటీ. స్టీల్ ప్లాంట్ ల్యాబ్‌లో పనిచేసి రిటైరయ్యాక వంటింట్లో మా ఆవిడ నాకు అప్పగించిన పని ఇదొక్కటే. మిగతా దేనిమీదా చెయ్యి వెయ్యనివ్వదు. ల్యాబ్ బుద్ధి ఎక్కడికి పోతుంది? కొలతలు, టైములు చూసుకుంటూ టీ పెట్టడం అలవాటైపోయింది. మొదట్లో ఇంట్లోవాళ్ళు నవ్వేవాళ్ళు. ఇప్పుడు చుట్టాలెవరైనా వస్తే "టీ ఆయన్నే పెట్టమనండి" అంటున్నారు. మొన్న మా మరదలు వచ్చినప్పుడు "బావగారూ, ఇదంతా ఒకచోట రాసివ్వండి, మా ఇంట్లో ఎంత చేసినా కషాయంలా వస్తోంది" అంది. అందుకే ఇది.

కషాయంలా ఎందుకొస్తుందో ముందు చెప్తాను. మసాలా ఎక్కువై మాత్రం కాదు. దినుసులన్నీ దంచి, ఒకేసారి గిన్నెలో పడేసి, పాలు, నీళ్ళు, టీ పొడి కూడా అప్పుడే వేసేసి స్టవ్ వెలిగిస్తారు. దాల్చిన చెక్క తన వాసన వదలాలంటే పది నిమిషాలు పడుతుంది. యాలకులకి అర నిమిషం చాలు, ఎక్కువసేపు ఉడికితే వాసన మొత్తం ఆవిరిలో పోయి పిప్పి మిగులుతుంది. టీ పొడి మరీ ఎక్కువసేపు మరిగితే వగరెక్కుతుంది. పచ్చి అల్లం చల్లటి పాలల్లో పడితే పాలు విరుగుతాయి. ఒక్కోదానికీ ఒక్కో టైము ఉన్నప్పుడు అన్నిటినీ ఒకే బస్సు ఎక్కిస్తే ఎలా? కొలతలు కాస్త అటూ ఇటూ అయినా ఫరవాలేదు గానీ, వరస తప్పకూడదు.

టీ పొడి

మసాలా టీకి చిన్న చిన్న గుళికల్లా ఉండే సీటీసీ టీ పొడి కావాలి. అస్సాం టీ అయితే మరీ మంచిది, ఘాటు ఉంటుంది, పాలు, అల్లం, మిరియాలు పడినా అణిగిపోదు. సీటీసీ అంటే పెద్ద విషయమేం కాదు. టీ ఆకుని పళ్ళున్న రెండు రోలర్ల మధ్యకి పంపుతారు. రెండూ ఒకే వేగంతో తిరగవు. దాంతో ఆకు నలిగి, చిరిగి, ఉండ చుట్టుకుపోతుంది. 1930ల్లో అస్సాంలో మొదలైన పద్ధతి ఇది. ఇప్పుడు మన దేశంలో తయారయ్యే టీలో చాలా భాగం ఇలాంటిదే. ఆకు అంతగా చితికిపోతుంది కాబట్టే రంగు, రుచి తొందరగా నీళ్ళలోకి దిగుతాయి.

దక్షిణాదిలో డస్ట్ టీ, అంటే మెత్తటి పొడిలా ఉండే టీ, వాడకం ఎక్కువ. బండి మీద టీలకి అదే సరైనది, రంగు చిటికెలో వచ్చేస్తుంది. కానీ ఇంట్లో మనం పాలు పోశాక కూడా కాసేపు మరిగిస్తాం కదా, అంతసేపు డస్ట్ తట్టుకోలేదు. పైగా జాలిలోంచి జారి కప్పు అడుగున బురదలా చేరుతుంది. నేను మూడు వంతులు గుళికల టీ, ఒక వంతు డస్ట్ కలిపి డబ్బాలో పోసుకుంటాను. గుళికల వల్ల రుచి, డస్ట్ వల్ల రంగు.

ఎవరైనా ఊరెళ్ళి డార్జిలింగ్ ఆకు టీ తెచ్చిస్తే మాత్రం దాన్ని పాలల్లో వేసి మరిగించకండి. అది పాలు లేకుండా, వేడినీళ్ళలో నానబెట్టుకుని తాగే సరుకు. అంత ఖరీదు పెట్టి కొన్న సువాసన అల్లం దెబ్బకి పోతుంది.

విడిగా అమ్మే టీ పొడి కొంటే ఒకసారి పరీక్ష చేసుకోండి, రెండు నిమిషాల పని. ఫిల్టర్ పేపర్ మీద కొంచెం టీ పొడి పరిచి, చన్నీళ్ళు చిలకరించి, కాసేపాగి పొడి దులిపేసి, కాగితాన్ని కుళాయి కింద కడిగి వెలుతురులో చూడండి. అసలు టీ పొడి చన్నీళ్ళలో అంత సులువుగా రంగు వదలదు. కాగితం మీద మరకలు నిలిచాయంటే అందులో రంగు కలిపారన్నమాట. అలాగే పొడిని పళ్ళెంలో పోసి దాని మీదుగా అయస్కాంతం తిప్పి చూడండి, ఇనప రజను ఉంటే అంటుకుంటుంది. ఇవి ఆహార భద్రతా సంస్థ వాళ్ళు జనానికి చెప్పే పరీక్షలే, నా సొంతం కాదు.

ఇంకోటి, టీ పొడి చుట్టుపక్కల వాసనల్ని ఇట్టే లాగేసుకుంటుంది. ఇంగువ సీసా పక్కన పెట్టారో, ఇక చెప్పక్కర్లేదు. మా విశాఖలో సముద్రపు గాలికి తేమ కూడా ఎక్కువ, మూత సరిగా పెట్టకపోతే వారంలో మెత్తబడిపోతుంది. గట్టి మూతున్న స్టీలు డబ్బాలో, స్టవ్‌కి దూరంగా పెట్టండి. ఒలిచిన యాలకుల తొక్కలు అందులో పడేసుకుంటే మంచిదే, పారేసేదాన్ని వాడుకున్నట్టూ ఉంటుంది.

పాలు, నీళ్ళు

పాల ప్యాకెట్ మీద వెన్న శాతం రాసి ఉంటుంది. ఫుల్ క్రీమ్ అంటే 6 శాతం, స్టాండర్డైజ్డ్ 4.5, టోన్డ్ 3, డబుల్ టోన్డ్ 1.5. మసాలా టీకి ఫుల్ క్రీమ్, లేదంటే స్టాండర్డైజ్డ్. గేదె పాలు పోయించుకునేవాళ్ళకి ఇక తిరుగులేదు. డబుల్ టోన్డ్‌తో చేస్తే టీ వస్తుంది గానీ, మిరియాల ఘాటు, అల్లం మంట నేరుగా గొంతుకి తగులుతాయి. మసాలా సువాసనలు చాలావరకు నూనెలాంటి పదార్థాలు, అవి నీళ్ళలో కంటే వెన్నలో బాగా కలుస్తాయి. టీలోని వగరు సంగతీ అంతే. పాలలో ఉండే కేసీన్ అనే ప్రొటీన్ దాన్ని పట్టేసుకుంటుంది. నాలుకని పట్టాల్సిన వగరు పాలకి పట్టేస్తుందన్నమాట.

పాలు ముందే విడిగా కాచి, వేడిగా పక్కన ఉంచుకోండి. దీనికి రెండు లాభాలు. ఫ్రిజ్‌లోంచి తీసిన చల్లటి పాలు పోస్తే మరుగుతున్న డికాక్షన్ ఒక్కసారి చల్లబడిపోయి, మళ్ళీ మరగడానికి ఐదారు నిమిషాలు పడుతుంది. ఈలోగా టీ పొడి అందులోనే నానుతూ వగరెక్కుతుంది. రెండోది, పాలు పులిసే దశలో ఉంటే కాచినప్పుడే విరిగిపోతాయి. విడిగా విరిగితే పోయేది పాలు మాత్రమే. టీ గిన్నెలో విరిగితే అల్లం, యాలకులు, టీ పొడి, మన ఓపిక అన్నీ పోతాయి. పాలగిన్నెలో ముందు చెంచాడు నీళ్ళు పోసి, గిన్నె అంతా తడిసేలా తిప్పి తర్వాత పాలు పొయ్యండి, అడుగంటడం తగ్గుతుంది.

నీళ్ళ గురించి ఒక్క మాట. బోరు నీళ్ళతో పెడితే టీ రంగు మందంగా, నల్లగా వస్తుంది, పైన తెట్టులా ఒక పొర తేలుతుంది. అది నీళ్ళలో ఉన్న కాల్షియం చేసే పని. తాగే నీళ్ళతోనే టీ పెట్టండి.

మసాలా దినుసులు

నేను వాడేవి ఐదే: అల్లం, యాలకులు, మిరియాలు, లవంగాలు, దాల్చిన చెక్క. అనాసపువ్వు, జాపత్రి, మరాఠీ మొగ్గ, బిర్యానీ ఆకు అన్నీ వేసి "స్పెషల్" అనేవాళ్ళున్నారు. అది తాగితే బిర్యానీ ఎక్కడుందా అని వెతుక్కోవాలి. వేసవిలో అల్లం, మిరియాలు సగానికి తగ్గించి అర చెంచా సోంపు వేస్తాను, అంతవరకే.

అల్లం గురించి కాస్త ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే టీ పాడయ్యేదీ, బాగుపడేదీ దీని దగ్గరే. రైతు బజారులో మన్యం నుంచి వచ్చే అల్లం ఉంటుంది, సన్నగా, వంకరటింకరగా, మట్టి అంటుకుని. పెద్దపెద్ద ముక్కలుగా, నున్నగా కడిగి పెట్టినదాని కంటే ఇదే నయం, ఘాటు ఎక్కువ. లేత అల్లం గోటితో గీరితే పొట్టు ఊడొస్తుంది, లోపల నీరు ఎక్కువ, మంట తక్కువ. టీకి ముదురు అల్లమే కావాలి. విరిచినప్పుడు పీచు కనిపించాలి. బాగా కడిగితే చాలు, చెక్కు తియ్యక్కర్లేదు. తురమకండి. తురిమితే రసం మొత్తం ఒకేసారి దిగి టీ మంటగా ఉంటుంది, పీచు జాలికి అడ్డం పడుతుంది. చిన్న రోట్లో వేసి రెండు మూడు దెబ్బలు వెయ్యండి. ముక్క చితకాలి గానీ ముద్ద కాకూడదు.

ఇక పాలు విరగడం. పచ్చి అల్లంలో ప్రొటీన్‌ని విరగ్గొట్టే ఎంజైమ్ ఒకటుంది, పేరు జింజిబైన్. గోరువెచ్చని పాలల్లో, ఇంకొంచెం వేడెక్కిన పాలల్లో అది చకచకా పనిచేస్తుంది, పాలలోని కేసీన్‌ని గడ్డ కట్టిస్తుంది. మరిగే నీళ్ళలో మాత్రం నిలవలేదు, వేడికి నశించిపోతుంది. కాబట్టి చల్లటి పాలల్లో అల్లం వేసి నెమ్మదిగా వేడి చేస్తే విరిగే అవకాశం ఎక్కువ. మరుగుతున్న నీళ్ళలో అల్లం వేసి, రెండు నిమిషాలు ఉడికించి, ఆ తర్వాత పాలు పోస్తే భయం లేదు. చైనాలో గ్వాంగ్‌డాంగ్ వైపు ఈ గుణాన్నే ఆధారం చేసుకుని ఒక తీపి వంటకం చేస్తారు. గిన్నెలో అల్లం రసం పిండి, దాని మీద వేడి పాలు పోసి కదపకుండా వదిలేస్తారు, కాసేపటికి మన జున్నులా గట్టిపడుతుంది. మనం నెత్తి కొట్టుకునేది అక్కడ ఫలహారం.

అల్లం లేని రోజున శొంఠి వాడొచ్చు, కానీ సమానంగా కాదు. అల్లం ఎండేటప్పుడు అందులోని కారం మరో రూపంలోకి మారి, ఇంకా ఘాటెక్కుతుంది. అంగుళం అల్లానికి బదులు చిటికెడు శొంఠి పొడి సరిపోతుంది. రుచి కూడా వేరు. అల్లం టీలో ఉండే ఆ తాజా పులకరింత శొంఠిలో రాదు, బదులుగా గొంతులో నిలిచే వెచ్చదనం ఉంటుంది. జలుబు చేసినప్పుడు నాకు శొంఠే ఇష్టం.

యాలకులు కొనేటప్పుడు రంగు చూసి మోసపోకండి. మరీ పచ్చగా మెరిసేవాటికి రంగు వేసి ఉండొచ్చు. తడి చేతితో నలిపి చూడండి, వేళ్ళకి పచ్చ అంటితే వదిలేయండి. ఒక కాయ విప్పి చూస్తే గింజలు నల్లగా, జిగటగా ఉండాలి. ఎండిపోయి, గోధుమ రంగులో, విడివిడిగా రాలిపోతున్నాయంటే పాత సరుకు. కొద్దికొద్దిగా కొనుక్కోండి, పొడి చేసి నిల్వ పెట్టుకోకండి. తొక్క తీసిన క్షణం నుంచి వాసన తగ్గుతూనే ఉంటుంది.

మిరియాలు మాకు దగ్గరి సరుకే. అరకు, పాడేరు వైపు కాఫీ తోటల్లో నీడ కోసం పెంచే సిల్వర్ ఓక్ చెట్లకి మిరియాల తీగలు ఎక్కిస్తారు. గిరిజన కో-ఆపరేటివ్ కార్పొరేషన్ షాపుల్లో దొరుకుతాయి, నేను అవే కొంటాను. మీ ఊళ్ళో ఏవి దొరికితే అవి, గట్టిగా బరువుగా ఉంటే చాలు. గుప్పెడు మిరియాలు నీళ్ళలో వేస్తే మంచివి మునుగుతాయి, తాలువి తేలతాయి.

దాల్చిన చెక్క పేరుతో బజారులో ఎక్కువగా దొరికేది మందంగా, గట్టిగా, ఒకే పొరగా ఉండే కాషియా రకం. సిలోన్ రకం వేరు. పల్చటి పొరలు చుట్టలా ఒకదానిలో ఒకటి చుట్టుకుని ఉంటాయి, చేత్తో నలిపితే పొడైపోతుంది, వాసన మృదువుగా ఉంటుంది. దొరికితే అది తీసుకోండి. లేదంటే ఈ గట్టి చెక్కే గోరంత వెయ్యండి, ఎక్కువ వద్దు. ఏ రకమైనా టీలో పొడి రూపంలో వెయ్యకండి. చెక్క పొడి వేడి నీళ్ళలో పడితే జిగురుగా సాగుతుంది, కప్పు అడుగున బంకలా చేరుతుంది.

లవంగాలు నాలుగు కప్పులకి రెండే. మూడోది వేస్తే మిగతావన్నీ మాయమై పళ్ళ డాక్టరు గుర్తొస్తాడు. అక్కడా ఇక్కడా ఉన్నది ఒకటే, లవంగ నూనెలోని యూజినాల్.

పెట్టే విధానం

నాలుగు కప్పులకి, ఒక్కో కప్పు సుమారు 125 మిల్లీలీటర్లు అనుకుంటే, నా లెక్క ఇది. నీళ్ళు 350 మిల్లీలీటర్లు, కాచిన పాలు 300. టీ పొడి 10 గ్రాములు, అంటే చిన్న చెంచాతో మట్టంగా నాలుగు. అంగుళం అల్లం ముక్క, యాలకులు నాలుగు, మిరియాలు నాలుగైదు, లవంగాలు రెండు, గోరంత దాల్చిన చెక్క. పోసింది 650 అయితే కప్పుల్లోకి వచ్చేది 500 దాకా. కొంత ఆవిరైపోతుంది, కొంత టీ పొడి పీల్చుకుంటుంది. అందుకే మొదట ఎక్కువ పొయ్యాలి. "నాలుగు కప్పుల నీళ్ళు కొలిచి పోశాను, మూడే వచ్చాయి" అని మా మరదలు కంప్లైంట్ చేసేది ఇక్కడే.

గిన్నె పొడుగ్గా, అడుగు మందంగా ఉన్నది తీసుకోండి. పాలు పొంగడానికి పైన సగం ఖాళీ ఉండాలి.

చన్నీళ్ళలోనే చెక్క, లవంగాలు, కచ్చాపచ్చాగా దంచిన మిరియాలు వేసి స్టవ్ మీద పెట్టండి. ఇవి గట్టి దినుసులు, నీళ్ళతో పాటే వేడెక్కుతూ నెమ్మదిగా దిగాలి. మరగడం మొదలయ్యాక మంట తగ్గించి నాలుగు నిమిషాలు వదిలేయండి. ఈలోగా అల్లం దంచుకోవచ్చు. ముందే దంచి పెట్టుకుంటే రోట్లోనే రసం ఆరిపోతుంది.

ఇప్పుడు అల్లం. రెండు నిమిషాలు. నీళ్ళు లేత పసుపు రంగుకి తిరుగుతాయి, వంటిల్లంతా ఘాటు వస్తుంది. హాల్లోంచి ఎవరో ఒకరు దగ్గుతారు కూడా.

తర్వాత టీ పొడి. వెయ్యగానే మంట కాస్త పెంచి, ఒక పొంగు వచ్చాక తగ్గించి, రెండు నిమిషాలు ఉంచండి. ఇక్కడ గిన్నెలోకి చూడాలి, గడియారం ఒక్కటే చాలదు. మొదట గుళికలన్నీ పైన తేలుతూ ఎర్రటి నురగ పట్టుకుని ఉంటాయి. కాసేపటికి తడిసి, ఉబ్బి, విచ్చుకుని ఒక్కొక్కటే కిందికి దిగుతాయి. సగానికి సగం దిగి, నీళ్ళు ముదురు ఎరుపుకి వచ్చి, గిన్నె అంచు దగ్గర మాత్రం తేనె రంగులో పల్చగా మెరుస్తూ కనిపించినప్పుడు పాలకి వేళయిందన్నమాట. అంచు కూడా నల్లబడిందంటే ఆలస్యమైనట్టే, వెంటనే పాలు పొయ్యండి.

పాలు వేడిగా పొయ్యాలి, సన్నటి ధారగా. పోశాక మంట పెంచండి. పొంగు అంచుదాకా రాగానే తగ్గించండి, కిందికి దిగాక మళ్ళీ పెంచండి. ఇలా మూడు పొంగులు రానివ్వాలి. ఒక్కో పొంగుకీ రంగు మారడం తెలుస్తుంది. మొదటి పొంగుకి మట్టి రంగులో ఉంటుంది, మూడోదానికి కాల్చిన ఇటుక రంగుకి వస్తుంది. పొంగుల మధ్యలో గరిటెతో తీసి అడుగు పైనుంచి మళ్ళీ గిన్నెలోకి పొయ్యండి, నాలుగైదుసార్లు. బండి దగ్గర టీ అబ్బాయి చేత్తో ఎత్తి పోసేది విన్యాసం కోసం కాదు. గాలి కలిసి నురగ వస్తుంది, మీగడ పేరుకోదు, టీ నాలుకకి మెత్తగా తగులుతుంది. పాలు పోశాక మొత్తం మీద మూడు నాలుగు నిమిషాలు మించనివ్వకండి.

చివర్లో యాలకులు. తొక్కతో సహా అప్పటికప్పుడు దంచి, గిన్నెలో వేసి, ఒక్క అర నిమిషం ఉంచి స్టవ్ కట్టెయ్యండి. మూత పెట్టండి. ఒక నిమిషం ఆగండి. ఈ నిమిషం ఎవరూ ఆగరు, మా ఆవిడతో సహా. మూత కింద యాలకుల వాసన ఆవిరితో పైకి పోకుండా టీలోకే దిగుతుంది. తర్వాత జాలితో వడకట్టండి. జాలిలో పిప్పిని చెంచాతో ఒత్తి పిండకండి, వగరంతా అందులోనే ఉంటుంది.

తీపి

పంచదార ఎప్పుడు వేసినా కరుగుతుంది, కాబట్టి నేను వడకట్టాక కప్పుల్లోనే వేస్తాను. మా ఆవిడకి షుగర్, నాకు ఒక చెంచా, మరదలికి రెండు. గిన్నెలోనే వేసేస్తే ఇంట్లో రోజూ పేచీ. చుట్టాలు పదిమంది వచ్చినప్పుడు మాత్రం పాలతో పాటే గిన్నెలో వేసేస్తాను, తియ్యదనం అంతటా సమంగా పడుతుంది. అప్పుడు కూడా షుగర్ ఉన్నవాళ్ళకి పంచదార లేకుండా వేరే గిన్నెలో పెట్టాలి.

బెల్లం టీ కావాలంటే అనకాపల్లి మాకు పక్కనే, దేశంలో పేరున్న బెల్లం మార్కెట్. అయినా బెల్లంతో జాగ్రత్త. ఎంత తియ్యగా ఉన్నా దానికి కాస్త ఆమ్ల గుణం ఉంటుంది. మరుగుతున్న పాలల్లో పడితే విరిగే ప్రమాదం ఉంది. స్టవ్ కట్టేసి, వడకట్టి, ఒక నిమిషం ఆగాక, తురిమిన బెల్లం కప్పులో వేసి కలపండి. ఇంకా భయంగా ఉంటే బెల్లాన్ని ముందే రెండు చెంచాల నీళ్ళలో కరిగించి, వడకట్టి పాకంలా పెట్టుకుని, కప్పులో పోసుకోండి. తెల్లగా మెరిసే బెల్లం కంటే ముదురు రంగు బెల్లమే టీకి బాగుంటుంది. షుగర్ ఉన్నవాళ్ళు మాత్రం బెల్లమైతే ఫరవాలేదనుకోకండి. అదీ చక్కెరే.

పొడి చేసి పెట్టుకోవాలంటే

ఉద్యోగాలకి వెళ్ళేవాళ్ళు, హాస్టల్లో ఉండే పిల్లలు పొద్దున్నే రోలు ముందేసుకుని కూర్చోలేరు, ఒప్పుకుంటాను. మా అమ్మాయి బెంగళూరు వెళ్ళేటప్పుడు చేసిచ్చేది చెప్తాను. శొంఠి 20 గ్రాములు, యాలకులు 20, మిరియాలు 10, లవంగాలు 5. దాల్చిన చెక్క వెయ్యను, బంక సంగతి చెప్పాను కదా. వేయించకండి. వేయిస్తే కూరల పొడి వాసన వస్తుంది. ఒక పూట ఎండలో పెట్టండి, వానాకాలమైతే వేడి చేసి దించిన పెనం మీద కాసేపు ఉంచి, పూర్తిగా చల్లారాక మిక్సీ పట్టండి. శొంఠిని ముందు రోట్లో నలగ్గొట్టకపోతే మిక్సీ బ్లేడు పని అయిపోతుంది. మరీ మెత్తటి పొడి వద్దు, రవ్వలా ఉంటే జాలిలో ఆగుతుంది. చిన్న గాజు సీసాలో పెట్టుకుని నెలలోపు వాడెయ్యాలి.

నాలుగు కప్పులకి అర చెంచా చాలు. పాలు పోశాక, రెండో పొంగుకి వెయ్యండి. ఇందులో యాలకులు కూడా ఉన్నాయి కాబట్టి నీళ్ళలో మొదటే వేస్తే లాభం లేదు. ఈ పొడితో వచ్చేది తొంభై మార్కుల టీ, మిగతా పది దంచిన అల్లానివి.

హైదరాబాద్ ఇరానీ చాయ్ ఇంట్లో ఎందుకు రావడం లేదని అడిగేవాళ్ళకి: అది వేరే పద్ధతి. అక్కడ డికాక్షన్ ఒక గిన్నెలో మూత బిగించి సన్నటి సెగ మీద ఉంచుతారు, పాలు ఇంకో గిన్నెలో చిక్కబడేదాకా కాస్తారు, రెండూ కప్పులోనే కలుస్తాయి. మసాలా దినుసుల పెత్తనం అక్కడ లేదు. ఉస్మానియా బిస్కట్‌కి జోడీ అదే. మన మసాలా టీకి ఉల్లిపాయ పకోడీ జోడీ.

తేడా వస్తే

టీ పల్చగా ఉందని వడకట్టాక మళ్ళీ మరిగించకండి, చిక్కబడదు, చేదెక్కుతుంది. రేపు నీళ్ళు 50 మిల్లీలీటర్లు తగ్గించండి. వగరుగా ఉంటే టీ పొడి తగ్గించకుండా టైము తగ్గించి చూడండి. మంటగా ఉంటే కొంచెం వేడి పాలు కలపండి, అది అప్పటికప్పుడు పనిచేసే చిట్కా. వాసన రాలేదంటే నూటికి తొంభై పాళ్ళు యాలకులు పాతవి.

ఫ్లాస్కులో పోసుకునేవాళ్ళు యాలకులు సగానికి తగ్గించండి. మూసి ఉన్న వేడిలో ఆ వాసన మందు సీసాలా మారుతుంది. గంట, గంటన్నరలో తాగెయ్యాలి. చల్లారిన టీని టీ పొడితో సహా గిన్నెలో ఉంచి మళ్ళీ వేడి చేసే అలవాటు కొందరికి ఉంది. ఆ టీ గురించి నేను ఏమీ చెప్పను.

భోజనం చేస్తూ గానీ, చెయ్యగానే గానీ టీ తాగకండి. ఆకుకూరల్లో, పప్పుల్లో ఉండే ఇనుము ఒంటికి పట్టకుండా టీ అడ్డుపడుతుంది. కనీసం ఒక గంట ఎడం ఉండాలి. ఐరన్ మాత్రలు వేసుకునేవాళ్ళు మరీ జాగ్రత్తగా ఉండాలి. గర్భిణులు, రక్తం తక్కువున్న ఆడపిల్లలు మాత్ర వేసుకుని వెంటనే టీ తాగడం చాలా ఇళ్ళలో చూస్తుంటాం.

గిన్నె కడగడం కూడా ఇందులో భాగమే, లేకపోతే వంటింటి నుంచి నన్ను ఎప్పుడో పంపించేసేవారు. వడకట్టిన వెంటనే గిన్నెలో సగం దాకా నీళ్ళు పొయ్యండి. పాల పొర ఎండిపోతే పీచుతో రుద్దినా రాదు. టీ జాలి నల్లబడితే వేడినీళ్ళలో చెంచాడు వంటసోడా వేసి అరగంట నానబెట్టి, పాత టూత్ బ్రష్‌తో రుద్దండి. మిగిలిన పిప్పి గులాబీ మొక్కలకి మంచిదని అందరూ వేస్తారు గానీ, అలాగే వేస్తే పాలు, పంచదార వల్ల చీమలు పడతాయి, కుండీ కంపు కొడుతుంది. రెండుసార్లు కడిగి, ఆరబెట్టి, అప్పుడు మట్టిలో కలపండి.